రోడ్డుకు చలవ పూత

మిట్టమధ్యాహ్నపు ఎండలో చదరపు మీటరు నేల మీద పడే సౌరశక్తి దాదాపు 1,000 వాట్లు. కొత్తగా వేసిన తారు రోడ్డు అందులో 950 వాట్లు తానే మింగి, 50 వాట్లు మాత్రం వెనక్కి పంపుతుంది. కొన్నేళ్లకు పైన తారు అరిగి కంకర బయటపడ్డాక వెనక్కి పోయే వాటా 100-150 వాట్లకు చేరుతుంది. కొత్త సిమెంటు రోడ్డు 350-400 వాట్ల దాకా తిప్పికొడుతుంది; టైర్ల నలుపు, మట్టి పట్టాక అదీ 200-300కు దిగుతుంది. రోడ్డు మీద లేతరంగు పూత వేసి ఈ వాటాను పెంచితే రోడ్డు తక్కువ కాగుతుంది. ఎండ ముదిరిన నగరాలు కొన్నేళ్లుగా చేస్తున్న ప్రయత్నం ఇదే. కూల్ పేవ్‌మెంట్ అని పిలుస్తున్నదీ దీన్నే.

మింగిన వేడికి మూడు దారులున్నాయి. కొంత పైనున్న గాలిని వేడెక్కిస్తుంది. కొంత కంటికి కనపడని పరారుణ కిరణాలుగా చుట్టూ వెలువడుతుంది. మిగిలింది కిందికి దిగి కంకర పొరల్లో నిలవ ఉంటుంది. గాలి 40 డిగ్రీలున్న రోజున నీడలేని తారు రోడ్డు 60 డిగ్రీలకు చేరడం మామూలే. రోడ్లు వేసే ఇంజనీర్లకు ఇది ఎప్పటినుంచో తెలిసిన సంగతి. మన దేశంలో తారును వీజీ-30, వీజీ-40 అని రకాలుగా విడదీసేది 60 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం కొలిచే. వీజీ-30 మెత్తబడే ఉష్ణోగ్రత 47 డిగ్రీలకు, వీజీ-40ది 50 డిగ్రీలకు తగ్గకూడదని భారత ప్రమాణం చెబుతుంది. అంటే మే నెల మధ్యాహ్నం రోడ్డు పైపొరలోని తారు మెత్తబడే హద్దు దాటే ఉంటుంది. కంకర రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండబట్టి రోడ్డు నిలుస్తుంది. లారీలు ఆగి కదిలే కూడళ్లలో, బస్టాపుల ముందు చక్రాల జాడన గాడులు పడేది తారు మెత్తబడడం వల్లే.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో బొమ్మలు చేసేవాళ్లు వేడికి మెత్తబడే ఇలాంటి గుణం మీదే బతుకుతున్నారు. లేతు మీద గిర్రున తిరిగే అంకుడు కర్రకు రంగు కలిపిన లక్కను నొక్కిపెడితే, రాపిడికి పుట్టిన వేడికే లక్క మెత్తబడి కర్రను పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో అదిమితే నునుపు తేలుతుంది. చల్లారగానే గట్టిపడి ఏళ్ల తరబడి నిలుస్తుంది. తారుదీ ఇదే స్వభావం. కాకపోతే లేతు దగ్గర వేడి ఎంత కావాలో, ఎంతసేపు కావాలో చెయ్యి చూసుకుంటుంది. రోడ్డు మీద ఎండకు అలాంటి లెక్కేమీ లేదు. కాబట్టి రోడ్డు పైభాగం ఆరేడు డిగ్రీలు తగ్గినా ముందు బాగుపడేది రోడ్డే. చలవ పూత గురించి మాట్లాడేవాళ్లు ఈ లాభాన్ని తక్కువగా చెబుతారు గానీ, అనుమానం లేనిది ఇదొక్కటే.

పూతలో ఏముంటుందో తెలియాలంటే ముందు సూర్యకాంతిని విడదీసి చూడాలి. నేలను చేరే సౌరశక్తిలో అతినీలలోహిత కిరణాలు 5 శాతం దాకా ఉంటాయి. కంటికి కనపడే వెలుగు సగానికి తక్కువే. సగానికి కాస్త పైగా ఉన్నవి ఎరుపుకు ఆవల, కంటికి ఆనని సమీప పరారుణ కిరణాలు. అందువల్ల రంగును చూసి ఒక వస్తువు ఎంత వేడెక్కుతుందో పూర్తిగా చెప్పలేం. ఒకే బూడిదరంగులో కనిపించే రెండు పూతల్లో ఒకటి ఈ కిరణాలను మింగేది, రెండోది తిప్పికొట్టేది కావచ్చు. మధ్యాహ్నానికి వాటి మధ్య తేడా చేతికే తెలుస్తుంది. రోడ్లకు ఈ సంగతి బాగా పనికొచ్చింది. అచ్చ తెలుపు వేస్తే డ్రైవర్ల కళ్లు జిగేల్‌మంటాయి, తెల్లటి లేన్ గీతలు కనిపించవు. లేత బూడిదరంగు వేసి, కనపడని సగాన్ని ఎక్కువగా తిప్పికొట్టే వర్ణకాలు కలిపితే రెండు ఇబ్బందులూ తగ్గుతాయి.

తెల్లదనానికి పెట్టింది పేరు టైటానియం డయాక్సైడ్. దాని వక్రీభవన గుణకం 2.7 దాకా ఉంటుంది. రేణువులను పట్టి ఉంచే జిగురుది 1.5 దరిదాపుల్లో ఉంటుంది. ఈ తేడా వల్ల వెలుగు ప్రతి రేణువు దగ్గరా దారి మళ్లి, లోపల దొర్లి దొర్లి చివరికి పైకే బయటపడుతుంది. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా సముద్రతీరపు ఇసుకలో దొరికే ఇల్మనైట్ దీనికి ముడిఖనిజం. మన డాబాలకు వేసే సున్నానికి అంత గుణకం లేదు. దాని తెలుపంతా పూతలో చిక్కుకున్న గాలి ఖాళీల చలవే. వాన పడగానే సున్నపు గోడ మసకబారడం అందరూ చూసేదే: ఖాళీల్లో గాలి పోయి నీరు చేరితే గుణకాల మధ్య తేడా తగ్గి వెలుగు లోపలికి దిగిపోతుంది. ఆరితే మళ్లీ తెల్లబడుతుంది. సున్నం డాబా మీద ఒక వేసవి గడుపుతుంది గానీ, చక్రాల ఒరిపిడికి రోడ్డు మీద వారమైనా ఆగదు. 2021లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం 98.1 శాతం సూర్యకాంతిని తిప్పికొట్టే రంగు తయారు చేసింది. అందులో వాడినది బేరియం సల్ఫేట్, అంటే మన ముగ్గురాయిలోని పదార్థమే. ప్రపంచంలోని పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలో ఉంది. అయితే ఆ రంగు ఇంటి కప్పులను ఉద్దేశించినది. రోడ్డు రాపిడికి తట్టుకునేది కాదు.

తెలుగునాట చలవ పూతను నేల మీద ఏటా వాడుతున్న చోటు నగరం కాదు, తిరుమల. శ్రీవారి ఆలయం చుట్టూ ఉన్న నాలుగు మాడ వీధుల్లో చెప్పులు వేసుకోకూడదు. కొండ మీద గాలి కిందికంటే చల్లగానే ఉన్నా, ఎండ సూటిగా తగిలే రాతినేల, సిమెంటు నేల అరికాళ్లను చుర్రుమనిపిస్తాయి. అందుకే వేసవి వస్తే తిరుమల తిరుపతి దేవస్థానం భక్తులు నడిచే బాటల వెంబడి తెల్లటి కూల్ పెయింట్ వేయిస్తుంది. చలవ పందిళ్లు వేస్తుంది, నీళ్లు చల్లిస్తుంది, తివాచీలు పరిపిస్తుంది. రద్దీకి రంగు మాసిపోతే మళ్లీ పూత వేస్తారు.

వట్టి కాలికి తగిలే వేడిని లెక్క కట్టవచ్చు. రెండు వస్తువులు తాకినప్పుడు వాటి మధ్య నిలిచే ఉష్ణోగ్రత, ఏది ఎంత వేడిగా ఉందన్న దానితో పాటు ఏది ఎంత వేగంగా వేడిని ఇస్తుందన్న దాని మీదా ఆధారపడుతుంది. నల్లరాయి ఈ విషయంలో మహా దాత. అరికాలు 34 డిగ్రీలు, రాయి 55 డిగ్రీలు ఉంటే తాకిన చోట దాదాపు 48 డిగ్రీలు తేలుతుంది. చర్మానికి వేడి నొప్పిగా మారేది 43-44 డిగ్రీల దగ్గర. కాబట్టి ఆ రాతి మీద అడుగు నిలవదు. 55 డిగ్రీలే ఉన్న చెక్క మీద కాలు పెడితే మాత్రం తాకిన చోట 39కి మించదు. తివాచీ పరిస్తే హాయిగా ఉండడానికి కారణం ఇదే: అది చల్లగా ఉందని కాదు, లోపలి వేడిని తొందరగా ఇవ్వదని. ఇక తెల్ల పూత వల్ల అదే రాయి 45 డిగ్రీలకు దిగిందనుకుందాం. తాకిన చోట 41 డిగ్రీలే ఉంటుంది. పది డిగ్రీల తేడా నడవగలగడానికీ నడవలేకపోవడానికీ మధ్య హద్దు దాటించింది. పాదం నేలను నేరుగా తాకే చోట, మనిషి నిలవకుండా సాగిపోయే చోట చలవ పూతకు సాటి లేదు.

చెప్పులతో నడిచే, బండ్లు తిరిగే నగర వీధికి వచ్చేసరికి కథ చిక్కుబడుతుంది. దీన్ని అందరికంటే నిదానంగా కొలిచిన నగరం అమెరికాలోని అరిజోనా రాష్ట్ర రాజధాని ఫీనిక్స్. ఎడారి అంచున ఉన్న ఆ ఊళ్లో 2023 వేసవిలో వరుసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. నగరపాలక సంస్థ 2020లో ఎనిమిది పేటల వీధులకూ ఒక పార్కు వాహనాల స్థలానికీ నీటితో కలిపే బూడిదరంగు పూత వేయించింది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు దాదాపు ఏడాది పాటు పూత ఉన్న వీధులనూ లేని వీధులనూ పోల్చి, 2021లో ఫలితాలు వెల్లడించారు. మధ్యాహ్నం పూట పూత వేసిన రోడ్డు పైభాగం మామూలు తారు కంటే సుమారు 6 డిగ్రీలు తక్కువ వేడిగా ఉంది. తెల్లవారుజామున తేడా 1.3 డిగ్రీలు. రోడ్డు లోపలి పొర 2.7 డిగ్రీలు చల్లగా ఉంది. రాత్రి పూట మనిషి ఎత్తున గాలి 0.3 డిగ్రీలే తగ్గింది. వేసినప్పుడు 33-38 శాతం ఉన్న పరావర్తనం, అంటే వెలుగును తిప్పికొట్టే వాటా, పది నెలలకు 19-30 శాతానికి పడిపోయింది. వీటన్నిటికీ మించి, మిట్టమధ్యాహ్నం ఆ రోడ్డు మీద నిలబడ్డ మనిషికి తగిలే వికిరణ వేడి మామూలు రోడ్డు మీద కంటే 3 డిగ్రీలు ఎక్కువగా తేలింది.

ఈ చివరి సంఖ్యను కొలిచింది మార్టీ అనే తోపుడుబండి లాంటి పరికరం. పైకి, కిందికి, నాలుగు పక్కలకు తిరిగి ఉన్న గ్రాహకాలతో అది ఆరు దిక్కుల నుంచి వచ్చే వెలుగునూ వేడినీ విడివిడిగా నమోదు చేస్తుంది. గాలి వేడిని మాత్రమే చూసే థర్మామీటరుకు ఇది దొరకదు. అంతకుముందు 2019లో లాస్ ఏంజెలెస్‌లోని సన్ వ్యాలీలో ఇదే బండిని నడిపినప్పుడూ ఇంచుమించు ఇదే తేలింది: రోడ్డు 4-6 డిగ్రీలు చల్లబడింది, మధ్యాహ్నం మనిషి మీది వికిరణ భారం 4 డిగ్రీలు పెరిగింది.

కారణం సులువుగానే పట్టుబడుతుంది. అరిగిన తారు రోడ్డు చదరపు మీటరుకు 100 వాట్లు వెనక్కి పంపితే, పూత వేశాక 350 పంపుతుంది. ఆ పెరిగిన 250 వాట్లు ఆకాశంలోకి పోయేముందు దారిలో ఉన్న మనిషి కాళ్లకు, నడుముకు, ముఖానికి తగులుతాయి. మరోవైపు రోడ్డు 60 నుంచి 54 డిగ్రీలకు దిగితే దాని నుంచి వచ్చే పరారుణ వేడి తగ్గేది 50 వాట్లకు లోపే. బట్టలూ చర్మమూ తిరిగొచ్చిన వెలుగును మొత్తంగా పీల్చవు, అదంతా మనిషి మీదే పడదు. ఎంత తగ్గించి చూసినా వచ్చేది పోయేదాని కంటే ఎక్కువే. పొద్దు వాలాక ఈ నష్టం ఉండదు, తగ్గిన వేడి మాత్రం మిగులుతుంది. నగరాలకు ఈ రాత్రి లాభం మీదే ఎక్కువ ఆశ.

ఆ ఆశ అర్థం లేనిదేమీ కాదు. రోడ్డు పైన 10 సెంటీమీటర్ల మందం పగలు 20 డిగ్రీలు వేడెక్కితే, ప్రతి చదరపు మీటరులో ఒక యూనిట్ కరెంటుకు సమానమైన వేడి నిండుతుంది. 7 మీటర్ల వెడల్పున్న రోడ్డు కిలోమీటరు పొడవున ఏడు వేల యూనిట్లకు పైగా దాచి, రాత్రంతా వీధిలోకి వదులుతుంది. ఊరి బయట పొలాల మీద గాలి చల్లబడ్డాక కూడా ఊరి నడుమ ఉక్క తగ్గకపోవడానికి ఇదొక కారణం. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి 1,700 మందికి పైగా చనిపోయారు. పగటి ఎండకు అలసిన ఒంటికి రాత్రి తెరిపి దొరకనప్పుడే వడదెబ్బ ముప్పు పెరుగుతుంది. అయితే ఫీనిక్స్‌లో రాత్రి గాలి తగ్గింది 0.3 డిగ్రీలు. కొన్ని వీధులకే పూత వేస్తే పక్క వీధుల గాలి వచ్చి కలిసిపోతుంది కాబట్టి, ఊరంతా వేస్తే ఇంకాస్త తగ్గవచ్చు. అమెరికా నగరాల్లో నేలలో 30-45 శాతం రోడ్లూ పార్కింగ్ స్థలాలే కాబట్టి అక్కడ ఆ లెక్క కొంత నిలుస్తుంది. మన పాతబస్తీల సందుల్లో రోడ్డుకు అంత వాటా లేదు.

పైగా సందులో గోడలుంటాయి. రోడ్డు తిప్పికొట్టిన వెలుగు పక్క గోడలకూ కిటికీలకూ తగిలి ఇంట్లోకి చేరుతుంది. శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2012లో వేసిన అంచనా ప్రకారం, ఫీనిక్స్‌లో ఒక నాలుగంతస్తుల ఆఫీసు ముందు నేల పరావర్తనాన్ని 10 నుంచి 50 శాతానికి పెంచితే ఆ భవనం ఏసీ భారం ఏడాదికి 11 శాతం దాకా పెరుగుతుంది. వీధి చల్లబడితే ఇల్లు వేడెక్కడమన్నమాట. మిగతా ప్రయత్నాల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. ఖతార్ రాజధాని దోహాలో 2019లో ఒక వీధికి నీలిపూత వేశారు. టోక్యో నగరం ఒలింపిక్స్ కోసం పెద్ద ఎత్తున రోడ్లకు వేడిని ఆపే పూతలు వేసింది; ఎండకు భయపడి మారథాన్‌ను చివరికి సప్పోరో నగరానికి మార్చారు.

ఇదే పూతను రోడ్డు మీద నుంచి ఇంటి కప్పు మీదికి ఎక్కిస్తే చిక్కులన్నీ విడిపోతాయి. కప్పు తిప్పికొట్టిన వెలుగు నేరుగా ఆకాశానికి పోతుంది. అడ్డొచ్చే మనిషి లేడు, గోడ లేదు, టైరు లేదు. ఈ సంగతిని గట్టిగా రుజువు చేసిన కొలతల్లో కొన్ని హైదరాబాద్‌వే. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ నేషనల్ లేబొరేటరీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు నగర శివారులో ఒకే తీరుగా ఉన్న రెండు భవనాలను తీసుకుని కప్పుల రంగు మార్చి చూశారు. 2012లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, నల్లటి కప్పును తెల్లబరిస్తే కప్పు చదరపు మీటరుకు ఏడాదికి 20-22 యూనిట్లు మిగిలాయి. ఏసీకి ఖర్చయ్యే కరెంటు 14-26 శాతం తగ్గింది. రంగు వేయని మామూలు కాంక్రీటు శ్లాబును తెల్లబరిచినా 13-14 యూనిట్లు మిగులుతాయని అంచనా వేశారు. 2017లో పేదల బస్తీలో పాతిక ఇళ్ల కప్పులకు పరావర్తక పొర వేసి చూస్తే లోపలి గాలి సగటున 2 డిగ్రీలు తగ్గింది. ఏసీ లేని రేకుల ఇంటికి అది చిన్న సంగతి కాదు.

వీటి ఆధారంగానే తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలన్నది లక్ష్యం. అందులో 200 హైదరాబాద్‌లోనే. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు స్థలం ఎంతైనా ఇది తప్పనిసరి. ఇళ్లకైతే 600 చదరపు గజాలు, అంతకు పైబడిన స్థలమైతేనే. తక్కువ స్థలం ఉన్నవాళ్ల ఇష్టానికి వదిలేశారు. నిజానికి కప్పు వేడికి ఎక్కువ ఉడికేది ఆ చిన్న ఇళ్లే. విధానం చేయాల్సిన పని సగం అక్కడే ఆగింది.

కోస్తాలో రోడ్డు పూతకు ఇంకో అడ్డంకి ఉంది. హైదరాబాద్‌లో, ఫీనిక్స్‌లో రాత్రి ఆకాశం పొడిగా ఉండి నేల వేడిని బయటికి వదిలేస్తుంది. విశాఖ, అనకాపల్లి వైపు గాలిలోని తేమ ఆ పరారుణ వేడిని కొంత పట్టి మళ్లీ కిందికి పంపుతుంది. ఉక్కపోతకు కారణం రోడ్డు కంటే ఎక్కువగా ఈ తేమే. దాని మీద పూత చేయగలిగింది తక్కువ. సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లే అలవాటూ పొడిగాలిలో పనిచేసినంతగా ఇక్కడ పనిచేయదు. లీటరు నీరు ఆవిరైతే నేల నుంచి యూనిట్‌లో మూడింట రెండు వంతుల వేడిని తీసుకుపోతుంది, కానీ తేమ గాలిలో అది ఆవిరయ్యేది నెమ్మదిగా. ఏటికొప్పాక లాంటి ఊళ్లకు రోడ్డు పూత అవసరమూ అంతంతే. పల్లె వీధుల్లో సిమెంటు రోడ్లు ఎక్కువ, అవి తారు కంటే లేతరంగువి. వీధి చుట్టూ పొలం, చెరువు, చెట్టు ఉన్నాయి.

చెట్టు నీడ పూతకు పూర్తిగా వేరు. పూత వచ్చిన ఎండను మనిషి మీదుగా వెనక్కి పంపుతుంది. నీడ ఎండను నేలదాకా, మనిషిదాకా రానివ్వదు. ఆకులు నీటిని ఆవిరి చేసి ఆ వేడిని ఖర్చు పెడతాయి. రోడ్డు వెడల్పు పేరుతో వేప, రావి కొట్టేసి ఆ తర్వాత రోడ్డుకు చలవ రంగు వేయడం తెలివైన బేరం కాదు.

అలాగని రోడ్డు పూతను తోసిపుచ్చనక్కర్లేదు. మనుషులు ఎక్కువసేపు నిలబడని విశాలమైన చోట్లు దానికి తగినవి: ఆర్టీసీ డిపోల ఆవరణలు, లారీల యార్డులు, మార్కెట్ యార్డుల ఖాళీ స్థలాలు, చెట్టు నాటే వీలులేని వెడల్పాటి రోడ్లు. అక్కడ మధ్యాహ్నపు నష్టం తక్కువ, రాత్రి లాభం దక్కుతుంది. పాత తారు రోడ్డుకు మరమ్మతు ఎలాగూ చేయాల్సి వచ్చినప్పుడు, మామూలు నల్ల సీల్‌కోట్ బదులు లేతరంగుది వేస్తే ఖర్చు కలిసొస్తుంది. పూత తయారీకి పట్టే ఇంధనం కూడా లెక్కలోకి తీసుకోవాలి కాబట్టి విడిగా, వేడుకగా వేయడం దండగ. గుళ్ల ప్రదక్షిణ మార్గాలకు, బడి పిల్లలు వట్టి కాళ్లతో తిరిగే ఆవరణలకు తిరుమల పద్ధతి చాలు. జనం నడిచే బజారుకు, బస్సు కోసం నిలబడే చోటికి నీడే కావాలి. మున్సిపాలిటీ దగ్గర ఉన్న డబ్బు ఒక్క పనికే సరిపోయేటట్టుంటే ముందు రేకుల ఇళ్ల కప్పులకు వేయాలి, తర్వాత బస్టాపుల దగ్గర చెట్లు నాటాలి, రోడ్డు సంగతి ఆ తర్వాత.